కంప్యూటర్ వేసిన బొమ్మ అనే అపవాదు

ఒకే లెక్కను మళ్లీ మళ్లీ నడిపించి పుట్టించే ఫ్రాక్టల్ చిత్రం ఎదురుగా పెడితే మనవాళ్ల నోట మొదట వచ్చేది మెచ్చుకోలు. ఆ వెంటనే వచ్చే రెండో మాట ఆ మెచ్చుకోలును వెనక్కి లాగేసుకుంటుంది: “బాగుంది గానీ, ఇది కంప్యూటర్ వేసిందే కదా!” ఛత్తీస్‌గఢ్‌లోని మా కుమ్హారిలో ఈ మాట వింటాను, చరోదాలో వింటాను, భిలాయ్ సెక్టార్లలోని తెలుగు ఇళ్లలో వింటాను. చిత్రలేఖన పోటీలు పెట్టేవాళ్లు అంటారు, డ్రాయింగ్ మాస్టర్లు అంటారు, ఇంజనీరింగ్ చదివే పిల్లలూ అంటారు. ఇంతమంది ఇంత తేలిగ్గా అంటున్నారంటే నిజమే అయి ఉంటుందని వినేవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు.

ముందుగా ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పాలి. చిత్రకారుడు ఖాళీ కాగితం ముందు కూర్చుంటాడు. చేతికి ఏళ్ల తరబడి సాధన ఉంటుంది. గీత తప్పితే తప్పు అతనిది, కుదిరితే గొప్ప అతనిది. ఫ్రాక్టల్ చిత్రంలో గీత గీసే చెయ్యే లేదు. సూత్రం గణితజ్ఞులది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది, లెక్క యంత్రానిది. లెక్కలోంచి వచ్చినదానికి మనసు ఉండదు. వచ్చే బొమ్మలు కూడా అన్నీ ఒకే రకం సుడులు. ఇప్పుడు ఏఐని అడిగితే అలాంటివి క్షణంలో వంద ఇస్తుంది. పైగా ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని బతికే ఊళ్లో పిల్లలు దీనివల్ల బాగుపడేదేమిటి?

ఇలా అనేవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి భిలాయ్ ఉక్కు కర్మాగారం చుట్టూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో యంత్రాల మధ్యే ఉద్యోగ జీవితమంతా గడిపినవాళ్లు ఉన్నారు. యంత్రం చేసే పనేదో, మనిషి చేసే పనేదో వాళ్లకు బాగా తెలుసు. అందుకే వాళ్ల వాదాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ జవాబు చెప్పాలి. నా పక్షం ముందే చెబుతున్నాను: ఫ్రాక్టల్ చిత్రానికి కర్త ఉన్నాడు, ఆ కర్త మనిషి. కర్త లేడనడం వల్ల నష్టపోతున్నది కూడా మన పిల్లలే, మన ఇళ్ల ఆడవాళ్లే.

1. “బొమ్మ వేసేది కంప్యూటరే”

కంప్యూటర్ నిజంగా చేసేదేమిటో చూద్దాం. సున్నాతో మొదలుపెడతాం. ఉన్న సంఖ్యను వర్గం చేసి, మనం ఎంచుకున్న ఒక సంఖ్యను దానికి కలుపుతాం. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, మళ్లీ అదే సంఖ్యను కలుపుతాం. ఎంచుకున్నది 1 అయితే 0, 1, 2, 5, 26 అంటూ విలువ చెయ్యి దాటిపోతుంది. ఎంచుకున్నది −1 అయితే 0, −1, 0, −1 అంటూ ఆ రెండింటి మధ్యే తిరుగుతూ ఉండిపోతుంది. ఇలా ఎన్నిసార్లు చేసినా హద్దు దాటని సంఖ్యలన్నిటినీ సంకీర్ణ సంఖ్యల తలం మీద గుర్తిస్తే వచ్చేదే మాండెల్‌బ్రాట్ సమితి.

అసలు సంగతంతా దాని అంచులో ఉంది. వర్గం చేసి కలిపే ఒక్కో విడతను ఒక మెట్టు అందాం. 0.25 ఎప్పటికీ హద్దు దాటదు. 0.26 సుమారు 30 మెట్లలో దాటుతుంది. 0.2501కి 300కు పైగా మెట్లు పడతాయి. అంచుకు దగ్గరైన కొద్దీ తేల్చుకోవడానికి పట్టే మెట్లు పెరుగుతాయి. కంప్యూటర్ ప్రతి బిందువు దగ్గరా ఈ మెట్లు లెక్కపెట్టి ఒక అంకె రాస్తుంది. అంతటితో దాని పని అయిపోయింది. చేతికి వచ్చింది అంకెల పట్టిక. అందులో రంగు లేదు, వెలుగునీడలు లేవు, చట్రం లేదు, ఎక్కడ ఆగి చూడాలన్న సూచనా లేదు.

ఈ పట్టిక వేరు, చిత్రం వేరు అనడానికి చరిత్రే సాక్ష్యం. ఇలాంటి పునరావృత్తి లెక్కలను ఫ్రెంచి గణితజ్ఞులు గాస్టన్ జూలియా, పియర్ ఫాటూ మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే లోతుగా పరిశోధించారు. జూలియా పేరు తెచ్చిన పరిశోధన పత్రం 1918 నాటిది. వాళ్ల దగ్గర గణితం ఉంది, చిత్రాలు లేవు. 1978లో రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మాటెల్‌స్కీ ఈ సమితిని మొదటిసారి గీసినప్పుడు వచ్చింది కాగితం మీద నక్షత్రం గుర్తులతో పేర్చిన మొరటు ఆకారం. 1980లో ఐబీఎం పరిశోధనాలయంలో బెన్వా మాండెల్‌బ్రాట్ దాన్ని మరింత నిశితంగా చూశాడు. ఆ తరవాత జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో హైంజ్-ఓటో పైట్‌గెన్, పీటర్ రిక్టర్ బృందం దాని అంచుల్లోకి దిగి, రంగులు ఎంచి, 1980ల మధ్యలో ఆ చిత్రాలను దేశదేశాల్లో ప్రదర్శించింది. 1986లో వాళ్లు తెచ్చిన పుస్తకం చూసి జనం ఆశ్చర్యపోయారు.

నక్షత్రాల ఆకారానిదీ, బ్రెమెన్ చిత్రాలదీ ఒకటే సూత్రం, ఒకటే సమితి. బొమ్మ వేసేది కంప్యూటరే అయితే రెండూ ఒకేలా ఉండాలి. మెరుగైన యంత్రం వచ్చింది కాబట్టి మారిందంటారా? యంత్రం మెరుగైతే చుక్కలు పెరుగుతాయి. ఏ లోయలోకి దిగాలి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, ఏది చీకట్లో వదిలేయాలి అన్నవి యంత్రం మెరుగైనంత మాత్రాన తేలవు. అవి తేల్చింది మనుషులు.

ఒక చిత్రం తయారయ్యే తీరు దగ్గరగా చూడండి. సమితిలో −0.75 దగ్గర, పెద్ద దేహానికీ పక్కనున్న గుండ్రని భాగానికీ మధ్య ఒక ఇరుకు ఉంది. సముద్రగుర్రాల తోకల్లా చుట్టుకున్న ఆకారాలు అక్కడ కనిపిస్తాయి గనుక దానికి సీహార్స్ వ్యాలీ అని పేరు. అందులోకి జూమ్ చేస్తూ పోతే ప్రతి మలుపు దగ్గరా దారులు చీలతాయి. ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. ఒకచోట ఆగాక చట్రం ఎంత తిప్పాలి, సుడిని మధ్యలో పెట్టాలా, ఒక మూలకు నెట్టి మిగతా చోటు ఖాళీగా వదలాలా అన్నది తేల్చుకోవాలి. మెట్ల పరిమితి తక్కువ పెడితే సన్నని తీగలు మొద్దుబారి ఒక ముద్దలా కలిసిపోతాయి. ఎక్కువ పెడితే గంటల కొద్దీ రెండర్ అవుతుంది. మెట్ల లెక్కకు నేరుగా రంగులిస్తే పటం మీద ఎత్తుల గీతల్లా పట్టీలు పడతాయి. వాటిని పోగొట్టాలంటే నునుపుగా రంగు మారే పద్ధతి ఎంచుకోవాలి. ఆపైన గ్రేడియెంట్‌లో రంగులు ఒక్కొక్కటే అమర్చాలి. అల్ట్రా ఫ్రాక్టల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో అదే చోటుకు వేరే లెక్కతో రెండో లేయర్ వేసి, మొదటి లేయర్ మీద నీడలా పరచవచ్చు. ఆ లేయర్ ఎంత కనిపించాలన్నది మళ్లీ కంటి తీర్పే.

జూమ్ మరీ లోతుకు వెళ్తే మామూలు కంప్యూటర్ అంకగణితం చాలదు. అది నిలుపుకోగలిగేది 15, 16 దశాంశ స్థానాలే. ఆ తరవాత పక్కపక్క బిందువులు దానికి ఒకటిగానే కనిపించి బొమ్మ గడులుగడులుగా పగిలిపోతుంది. అప్పుడు ఎక్కువ స్థానాల లెక్కకు మారాలి. చివరికి ఏ3 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే కోటీ 70 లక్షలకు పైగా బిందువులు కావాలి. వాటి లెక్క యంత్రానిదే, ఒప్పుకుంటాను. ఆ బిందువులన్నీ ఏ బొమ్మ కోసం లెక్క కట్టాలో యంత్రానికి తెలియదు.

2. “సూత్రం ఎవరిదో, సాఫ్ట్‌వేర్ ఎవరిదో, మరి నీదేముంది?”

ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడగవలసింది కాదు. ఉత్పలమాలను నన్నయ కనిపెట్టలేదు. గణాలు, యతి, ప్రాస అన్నీ ముందే నిర్ణయమై ఉన్నాయి. ఆ వృత్తంలోనే నన్నయ రాశాడు, పోతన రాశాడు. గణాలు ఛందశ్శాస్త్రం చెప్పినవే గనుక పద్యం పోతనది కాదని ఇన్ని శతాబ్దాల్లో ఒక్కరూ అనలేదు. వృత్తం అందరిదీ, పద్యం రాసినవాడిదీ అన్న తేడా మనకు పద్యం వంటబట్టిననాడే వంటబట్టింది. సూత్రానికీ ఫ్రాక్టల్ చిత్రానికీ ఉన్న తేడా సరిగ్గా అదే.

ఇంకా లోపలికి వెళ్తే, ఛందశ్శాస్త్రంలోనే ఫ్రాక్టల్ దాగి ఉంది. గురువులు, లఘువులు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కించే మేరు ప్రస్తారాన్ని 10వ శతాబ్దంలో హలాయుధుడు పింగళుని సూత్రాలకు వ్యాఖ్యానం రాస్తూ వివరించాడు. పైరెండు గడుల మొత్తం కింది గడిలో రాసుకుంటూ పోయే ఆ త్రికోణంలో బేసి సంఖ్యలకు మాత్రమే రంగు వేయండి. త్రికోణంలో త్రికోణం, దానిలో మళ్లీ త్రికోణం కనిపిస్తుంది. 1915లో పోలండ్ గణితజ్ఞుడు సియర్‌పిన్‌స్కీ వర్ణించిన ఆకారం అదే. లెక్క వెయ్యేళ్ల నాటిది. దానిలో బేసి సంఖ్యలకు రంగు వేయాలని తోచడం వేరే పని, ఆ పని చేసినవాళ్లకు ఆ బొమ్మ దక్కుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ ద్వారా రూపొందిన కళాకృతికి కర్త దాన్ని సృష్టింపజేసిన వ్యక్తి. కంప్యూటర్ కాదు, సూత్రం కనిపెట్టిన గణితజ్ఞుడూ కాదు. పార్లమెంటు ముప్పై ఏళ్ల కిందట ఒప్పుకున్న కర్తృత్వాన్ని మన వీధి పోటీల నిర్వాహకులు ఇంకా ఒప్పుకోవడం లేదు.

పైగా సూత్రం ఎప్పుడూ పరాయిదే అనుకోవడమూ పొరపాటు. 1992లో ఫ్రాక్టల్ ఫ్లేమ్ పద్ధతిని తయారుచేసిన స్కాట్ డ్రేవ్స్ స్వయంగా చిత్రకారుడు. ఆ పద్ధతినే అపోఫిసిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా ఎంతోమంది వాడుకున్నారు. 2009లో డేనియల్ వైట్, పాల్ నైలాండర్ మూడు కొలతల మాండెల్‌బల్బ్‌కు సూత్రం కుదిర్చింది అలాంటి ఆకారం కంటితో చూడాలన్న కోరికతోనే. అక్కడ గణితమూ కళా ఒకరి చేతిలోనే ఉన్నాయి.

3. “నియమం ఉన్నచోట మనసు ఉండదు”

ఈ వాదం అన్నిటికంటే లోతైనది. అన్నిటికంటే అన్యాయమైనదీ ఇదే.

తెలుగు పత్రికల సంక్రాంతి సంచిక తెరిస్తే ముగ్గు కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది: 15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క. తెలిసిన చేతికి అంతే చాలు. మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందుల్లో 14, 13 అంటూ 8 దాకా తగ్గించుకుంటూ వస్తారు. 169 చుక్కలతో ఆరు వైపుల ఆకారం నేల మీద సిద్ధమవుతుంది. ఆ వాక్యం అచ్చంగా, ఫ్రాక్టల్‌ను తిరిగి వేయడానికి కావలసిన అంకెలుండే పారామీటర్ల ఫైలే. ఫ్రాక్టల్ చిత్రకారులు ఒకరికొకరు ఇచ్చుకునేదీ అలాంటి నాలుగు వరసల సమాచారమే.

మెలికల ముగ్గులో నియమం ఇంకా కఠినం. గీత చుక్కను తాకకూడదు, ఏ చుక్కనూ చుట్టకుండా వదలకూడదు, మొదలైనచోటికే వచ్చి కలవాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970ల్లోనే ఈ ముగ్గులకు కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలు రాశారు. మొక్కల పెరుగుదలను వర్ణించడానికి 1968లో అరిస్టిడ్ లిండెన్‌మయర్ తయారుచేసిన పునర్లేఖన నియమాలతో కొన్ని ముగ్గు కుటుంబాలను గీయవచ్చని ఆ తరవాత తేలింది. అలాంటి ముగ్గులో చిన్న మెలికల స్థానంలో మళ్లీ ఆ మెలికల అల్లికనంతా పెట్టుకుంటూ పోతే ముగ్గు పెద్దదవుతుంది. ముగ్గులన్నీ ఫ్రాక్టల్స్ అని నేను అనడం లేదు. పద్మాలు, రథం ముగ్గులు అలాంటివి కావు. కానీ నియమాన్ని మళ్లీ మళ్లీ నడిపించి అందం పుట్టించే విద్య మన వాకిళ్లలో ఉంది.

ఇప్పుడు ఆ వాదాన్ని ఈ వాకిట్లోకి తెచ్చి నిలబెట్టండి. నియమం ఉన్నచోట మనసు లేదంటే ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున లేచి ముగ్గు పెట్టే ఆడవాళ్ల పనిలో మనసు లేదనాలి. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఇల్లాలు పండగ పూట పిండితో పూరించే చౌక్ అనే ముగ్గులోనూ మనసు లేదనాలి. నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్యాపూరణం అన్నీ నియమాలే కాబట్టి అవధానమూ లెక్కలోకి రాదనాలి. అవధానం మాట వచ్చేసరికి ఎవరూ ఒప్పుకోరు. ముగ్గు విషయంలో మాత్రం మనవాళ్లు నిజంగానే అలాగే అనుకుంటూ వచ్చారు. చిత్రలేఖనం కళ అయింది, ముగ్గు ఇంటిపని అయింది. కాన్వాసు కింద సంతకం ఉంటుంది, ముగ్గు కింద పేరుండదు. “ఇది నియమం చేసింది, నువ్వు చేసింది కాదు” అన్న మాటను ఫ్రాక్టల్ చిత్రకారుడి కంటే ఎన్నో తరాల ముందు నుంచి మన ఆడవాళ్లు మోస్తున్నారు. అందుకే ఈ వాదాన్ని నేను చిన్నగా తీసుకోను.

శిల్పుల సంగతీ అంతే. కవర్ధా దగ్గరి భోరమ్‌దేవ్ గుడి 11వ శతాబ్దానిది. దాని శిఖరం పక్కలకు అదే ఆకారంలో చిన్న శిఖరాలు అతికి ఉంటాయి. ఉత్తరాది గుళ్ల శిల్పులు పెద్దదాన్ని చిన్నదానిలో తిరిగి చూపించే ఈ నియమాన్ని ఎంత దూరం తీసుకెళ్లారో ఖజురహోలోని కందరియా మహాదేవ ఆలయం చెబుతుంది. హిందూ దేవాలయాల నిర్మాణాన్ని ఫ్రాక్టల్ దృష్టితో విశ్లేషిస్తూ కీర్తి త్రివేది 1989లోనే పరిశోధన పత్రం రాశాడు. ఆ శిఖరాల ముందు నిలబడి శిల్పికి మనసు లేదని ఎవరంటారు?

4. “అన్నీ ఒకేలా ఉంటాయి”

ఇందులో కొంత నిజం ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ఫ్రాక్టల్స్ చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: నల్లటి నేపథ్యం, మెరిసే ఊదా, నీలం, మధ్యలో ఒక సుడి. సాఫ్ట్‌వేర్ మొదట చూపించే రంగులనే వదిలేసి, కనిపించిన మొదటి సుడి దగ్గరే ఆగిపోతే అదే వస్తుంది.

కానీ ఈ వాదంలో తర్కం తప్పింది. ఒక కళను అందులోని సగటు పనిని చూసి కొలుస్తున్నారు. ఏ కళనూ మనం అలా కొలవం. నాసిరకం పద్యాలు కుప్పలుగా ఉన్నాయని పద్యాన్ని తోసిపుచ్చలేదు. సెల్‌ఫోన్లలో పనికిమాలిన ఫొటోలు నిండి ఉన్నాయని హైదరాబాదు నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాల విలువ తగ్గలేదు. ఫొటోగ్రఫీ మీదా ఒకప్పుడు ఇదే నింద పడింది. 1859లో ఫ్రెంచి కవి బోదలేర్ దాన్ని కళకు శత్రువుగా చూశాడు. మీట నొక్కితే వచ్చేదని అన్నవాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు? ఛాయాచిత్రాలు మాత్రం మ్యూజియంలలో ఉన్నాయి.

పైగా అన్నీ ఒకటేనన్నవాళ్లు ఫ్రాక్టల్ అంటే మాండెల్‌బ్రాట్ సమితి ఒక్కటే అనుకుంటున్నారు. మైకేల్ బార్న్‌స్లీ చూపించిన ఫెర్న్ ఆకును తీసుకోండి. దానికి కావలసినవి నాలుగే నియమాలు. ఒకటి ఆకును కాస్త కుదించి పైకి జరుపుతుంది, రెండు నియమాలు ఎడమ, కుడి రెమ్మలు ఇస్తాయి, ఒకటి కాడను ఇస్తుంది. నూటికి 85 సార్లు మొదటిది, ఏడేసి సార్లు రెమ్మలవి, ఒక్కసారి కాడది వాడుతూ చుక్కలు పెట్టుకుంటూ పోతే ఆకు లేస్తుంది. నియమాల్లో ఒక్క అంకె మార్చండి, రెమ్మలు వాలిపోతాయి. ఇంకొకటి మార్చండి, ఫెర్న్ పోయి వేరే మొక్క వస్తుంది. దీనికీ సీహార్స్ వ్యాలీకీ పోలికే లేదు. మాండెల్‌బల్బ్ గుహలకూ ఫ్రాక్టల్ ఫ్లేమ్ పొరలకూ పోలిక లేదు.

మంచి ఫ్రాక్టల్ చిత్రాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. కన్ను మొదట ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ఎటు కదులుతుంది? ఖాళీ జాగా కావాలని వదిలినదేనా, మిగిలిపోయిందా? రంగు ఆకారాన్ని చెబుతోందా, కప్పేస్తోందా? దగ్గరికి వెళ్తే కొత్తది కనిపిస్తోందా, దూరం నుంచి చూసిందే మళ్లీ కనిపిస్తోందా? ఏ చిత్రం ముందైనా అడిగే ప్రశ్నలే ఇవి. వీటికి మంచి జవాబులూ ఉన్నాయి, చెడ్డ జవాబులూ ఉన్నాయి. మంచి చెడ్డలు ఉన్నాయంటే చేసినవాడి బాధ్యత ఉన్నట్టే.

5. “ఏఐ వచ్చాక ఇంకా ఇదెందుకు?”

ఈ మధ్య మొదలైన వాదం ఇది. రెండూ కంప్యూటర్‌లోనే పుడతాయి గనుక రెండూ ఒకటే అనుకోవడం దీనికి పునాది. ఆ పునాదే లేదు.

బొమ్మలు చేసే ఏఐ ఇతరులు వేసిన, తీసిన అసంఖ్యాకమైన బొమ్మల మీద శిక్షణ పొంది, వాటి పోలికలో కొత్తది పేరుస్తుంది. ఫ్రాక్టల్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఎవరి బొమ్మలూ లేవు. ఉన్నది ఒక సమీకరణం, కొన్ని అంకెలు. ఇందులో ప్రతి బిందువుకూ లెక్క చెప్పవచ్చు. ఈ చోట ఈ రంగు ఎందుకొచ్చిందంటే ఇన్ని మెట్లు పట్టాయి గనుక, ఇన్ని మెట్లకు ఈ రంగు నేను పెట్టాను గనుక. అదే పారామీటర్లు ఇంకొకరికి ఇస్తే వాళ్ల దగ్గరా అదే బొమ్మ వస్తుంది. ఏఐకి ఫ్రాక్టల్ వేయమని చెబితే అది ఇచ్చేది ఫ్రాక్టల్‌లా కనిపించే బొమ్మ. దాని అంచులోకి జూమ్ చేయండి, లోపల ఏమీ ఉండదు. నిజమైన ఫ్రాక్టల్‌లో అంచు కింద ఇంకో అంచు ఉంటుంది, ఎంత లోతుకు వెళ్లినా ఉంటుంది.

ఏఐ ధాటికి భయపడేవాళ్లు నిజానికి ఫ్రాక్టల్ వైపు నిలబడాలి. యంత్రాన్ని వాడుతూనే ప్రతి నిర్ణయానికీ మనిషి జవాబుదారీగా ఉండడం సాధ్యమేనని ఇది చూపిస్తోంది. ఈ తేడా చెరిపేసి రెండిటినీ ఒక గాటన కట్టేస్తే, రేపు పిల్లలకు ఏది తమ పనో, ఏది పరాయి పనో తెలియకుండా పోతుంది.

6. “ఉక్కు ఊరికి ఇదెందుకు?”

ఫ్రాక్టల్ గురించి ఉక్కు ఊళ్లో ఇలా అడగడం దురదృష్టం. కరిగిన ఉక్కు గడ్డకట్టేటప్పుడు స్ఫటికం చెట్టులా పెరుగుతుంది. మొదట కాండం, దాని నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి ఉపకొమ్మలు. నమూనాను నున్నగా సానపట్టి, ఆమ్లంతో కడిగి సూక్ష్మదర్శిని కింద పెడితే లోహశాస్త్రం చదివినవాళ్లకు కనిపించే డెండ్రైట్లు ఇవే. రష్యన్ లోహశాస్త్రవేత్త చెర్నోవ్ ఉక్కు దిమ్మల్లోని ఈ చెట్లను 19వ శతాబ్దంలోనే వర్ణించాడు. 1984లో మాండెల్‌బ్రాట్, పసోజా, పౌలే నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన వస్తువు విరిగిన ఉక్కు ముఖాలే. లోహం విరిగినచోట ఉండే గరుకుదనాన్ని ఫ్రాక్టల్ పరిమాణంతో కొలిచి, ఉక్కు దెబ్బను తట్టుకునే శక్తికి దాన్ని ముడిపెట్టారు. భిలాయ్ పట్టాల మీద రైళ్లు నడిచే దేశంలో ఈ జ్యామితి పరాయిది ఎలా అవుతుంది?

తెలుగువాళ్లకూ ఇది కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, బెంగళూరులోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసిన బి.ఎస్. దయాసాగర్ జలాశయాలు, నదీజాలాలు, కొండల ఆకృతులను ఫ్రాక్టల్ జ్యామితితో, గణిత రూపశాస్త్రంతో విశ్లేషించాడు. అంతర్జాతీయ గణిత భూశాస్త్రజ్ఞుల సంఘం ఆయనను 2011లో జార్జ్ మాథెరాన్ ఉపన్యాసకుడిగా ఎంపిక చేసి గౌరవించింది.

కళ నుంచి జీవనోపాధికి దారి లేదన్నదీ నిలవదు. విమానాల సంస్థ బోయింగ్‌లో పనిచేస్తున్న లోరెన్ కార్పెంటర్ 1980లో ఫ్రాక్టల్ కొండల మీదుగా ఎగిరే రెండు నిమిషాల చిత్రం తీసి ఒక సదస్సులో చూపించాడు. లూకాస్‌ఫిల్మ్‌లో ఉద్యోగం వచ్చింది. 1982 నాటి స్టార్ ట్రెక్ సినిమాలో గ్రహం మీద కొండలు లేచే దృశ్యంలో కనిపించేవి అతని ఫ్రాక్టల్సే. సినిమాల్లో, వీడియో గేముల్లో కొండలు, మబ్బులు పుట్టించే పద్ధతులకు ఆ పని పునాది వేసింది.

అయినా ఉపయోగం మాటను అంతటితో వదలడం నాకు ఇష్టం లేదు. మన పిల్లలు పదకొండో తరగతిలో సంకీర్ణ సంఖ్యలు చదువుతారు. కోచింగుల ఊరుగా పేరుపడ్డ భిలాయ్‌లో వాటి మీద లెక్కలు లెక్కలేనన్ని చేస్తారు. ఆ సంఖ్యలు దేనికో, ఎలా ఉంటాయో చాలామంది ఎన్నడూ చూడకుండానే పరీక్ష దాటిపోతారు. ఒక్క ఫ్రాక్టల్ తమ చేతులతో చేస్తే వాస్తవ అక్షం అంటే ఏమిటో, ఊహాత్మక అక్షం అంటే ఏమిటో, అంకె కాస్త కదిలితే ఏమవుతుందో కంటికి తెలుస్తుంది. ఆ పని చేస్తున్న పిల్లాడిని “అది నీ బొమ్మ కాదు” అని ఆపేస్తున్నాం. ఆ మాటతో అతని చేతిలోంచి కళా జారిపోతుంది, గణితమూ జారిపోతుంది.

ఇక చేయవలసింది

ఆరు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి అడుగున ఉన్నది ఒకే నమ్మకం: శ్రమ చేతివేళ్లలోనే ఉంటుంది, నిర్ణయంలో ఉండదు. ఆ నమ్మకమే ముగ్గును ఇంటిపని చేసింది. ఆ నమ్మకమే డిజైన్ చేసేవాళ్ల పనిని, ప్రోగ్రాం రాసేవాళ్ల పనిని “కంప్యూటరే చేస్తుంది” అంటూ చులకన చేస్తోంది. దాన్ని ఫ్రాక్టల్ దగ్గర ఒప్పుకుంటే మిగతా అన్నిచోట్లా ఒప్పుకోవలసి వస్తుంది.

అందుకే అడుగుతున్నాను. కుమ్హారిలోనూ భిలాయ్‌లోనూ సంక్రాంతికి, ఉగాదికి చిత్రలేఖన పోటీలు పెట్టే తెలుగు సంఘాలు ఫ్రాక్టల్ చిత్రాలకు వేరే విభాగం పెట్టాలి. ప్రతి చిత్రంతో పాటు పారామీటర్లు, లేయర్లు, తీసేసిన ప్రయత్నాలు చూపించమనాలి. దొంగపని ఉంటే అక్కడే బయటపడుతుంది, నిజమైన పని అక్కడే నిలబడుతుంది. ముగ్గుల పోటీలో గెలిచిన ముగ్గు కింద అది వేసిన మనిషి పేరు రాయాలి, చుక్కల లెక్క కూడా రాయాలి. బడుల్లో గణితం మాస్టారు, డ్రాయింగ్ మాస్టారు కలిసి ఏడాదికి ఒక్క ఫ్రాక్టలైనా పిల్లల చేత చేయించాలి. కావలసిన సాఫ్ట్‌వేర్‌లలో చాలావరకు ఉచితమే, పాత కంప్యూటర్లలోనూ పనిచేస్తాయి.

ఫ్రాక్టల్ చిత్రం నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. కూర్పు బాగాలేదని, రంగు కుదరలేదని, ఇదివరకే చూసిందని చెప్పండి. ఆ విమర్శ చిత్రకారుడికి చెందుతుంది, తీసుకునే బాధ్యతా అతనికి ఉంది. కానీ చేసినవాళ్లు ఎదురుగా నిలబడి ఉండగా దాన్ని యంత్రం ఖాతాలో రాయడం విమర్శ కాదు, వాళ్ల పనిని వాళ్ల దగ్గర నుంచి లాక్కోవడం. అది ఇక ఆగాలి.